కవరు అందింది, సంతకం కూడా ఉంది

ఆ ఉదయం పని చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లే దారిలో పోస్టాఫీసు దగ్గర దిగి, ఒక కవరు రిజిస్టర్ చేసి, తొమ్మిదిన్నరకల్లా తన సీట్లో కూర్చోవాలి. అంతే. ఇంత చిన్న పనికి రుజువమ్మ ఐదింటికే లేచింది.

ఆ ఎగతాళి పేరు అమ్మ పెట్టింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరినప్పటినుంచి ఆమె కళ్లతో చూసిందేదీ నమ్మదు, ఫోన్లో ఫోటో ఉంటేనే నమ్ముతుంది. గ్యాస్ కట్టేసిన ఫోటో, తలుపుకు తాళం వేసిన ఫోటో, ఆ తాళంచెవి బ్యాగులో వేసిన ఫోటో. "అన్నం తిన్నావా" అని అమ్మ అడిగితే ఖాళీ కంచం ఫోటో పంపిస్తుంది.

ఈ కవరు విషయంలో మాత్రం ఆమె కంగారుకు అర్థముంది. పాత వాషింగ్ మెషీన్ పాడైనప్పుడు అమ్మ చవకది చాలంది. రుజువమ్మే పట్టుబట్టి ఖరీదైనది కొనిపించింది. "క్యాష్‌బ్యాక్ వస్తుందమ్మా. అది తీసేస్తే ఇదే చవక" అంది. తక్కువపడిన డబ్బు నాన్న ఇచ్చాడు. అది ఆయన పళ్ల సెట్టు కోసం దాచుకున్న డబ్బు. ఉన్న పళ్లన్నీ పీకేశాక చిగుళ్లు మానేదాకా ఆగమన్నాడు డాక్టరు. మాని నెల దాటింది. నాన్న రోజూ పాలలో నానిన బ్రెడ్డు ముందు పెట్టుకుని, పక్కవాళ్లు కరకరమని నములుతుంటే పాట వింటున్నవాడిలా కళ్లు మూసుకునేవాడు. ఆయన తిట్టినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

పైగా ఆ ఖరీదైన మెషీన్‌కు కాలు నిలవదు. బట్టలు పిండేటప్పుడు గడగడా వణుకుతూ బాత్‌రూమ్‌లోంచి వంటింటి గుమ్మం దాకా నడిచొచ్చేది. "ఆకలేసినట్టుంది" అనేది అమ్మ.

క్యాష్‌బ్యాక్ రావాలంటే అసలు బిల్లు, అట్టపెట్టె మీద నంబరున్న ముక్క, నింపిన ఫారం ఒకే కవరులో పెట్టి షాపు హెడ్డాఫీసుకు పోస్టు చేయాలి. జిరాక్సులు చెల్లవు. కవరు మీద పోస్టు ముద్ర ఆ నెలాఖరులోపు తేదీది అయివుండాలి. కాగితాలు పోతే పోయినట్టే.

అందుకే కవరు లోపల రెండు వైపులా అట్ట పెట్టింది. ఒకవైపు షాపు అడ్రసు, వెనకవైపు తన అడ్రసు, రెండూ ఒకే సైజులో ప్రింటు తీసి అంటించింది. షాపు అడ్రసు చుట్టూ ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసింది: మడవవద్దు, తడపవద్దు, విసరవద్దు, లోపల అసలు కాగితాలున్నవి. ఆ పైన కవరంతా ప్లాస్టిక్ టేపు చుట్టింది. ఒక చుట్టు చాలదనిపించి మరో నాలుగు చుట్టింది.

పోస్టాఫీసు గుమస్తా కవరును కాటా మీద పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఇంత బందోబస్తేమిటమ్మా? ఇందులో ఏముంది?"

"మా నాన్న పళ్లండి."

ఆయన కవరును రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టాడు.

"అంటే, పళ్లు కాదండి. పళ్ల డబ్బులకి సంబంధించిన కాగితాలు."

"అలా చెప్పండి మరి. స్టిక్కరెక్కడ అంటించను? కాస్త ఖాళీ ఉంచారా ఎక్కడైనా?"

"ఆ ఎర్ర అక్షరాలు మాత్రం కనబడాలండి. వాటిమీద అంటించొద్దు, ప్లీజ్."

గుమస్తా నిట్టూర్చి కవరు వెనక్కు తిప్పాడు. అక్కడ ఒక అడ్రసు శుభ్రంగా, చుట్టూ బోలెడంత చోటుతో కనిపించింది. స్టిక్కరు అక్కడ అంటించాడు. టేపు మీద సిరా నిలవదని తేదీ ముద్ర ఆ స్టిక్కరు మీదే వేశాడు. ఆ అడ్రసే చూసి కంప్యూటర్లో కొట్టాడు. రుజువమ్మ ఇదంతా వీడియో తీసింది. వరసలో వెనకనున్న పెద్దావిడ, "కవరుకి పెళ్లి చేస్తున్నట్టుందే" అంది. రసీదుకు కూడా రుజువమ్మ మూడు ఫోటోలు తీసింది. ఫోటో తీశాక ఇక చదవడమెందుకని చదవలేదు.

మూడు రోజులపాటు ఆమె ట్రాకింగ్ పేజీని గంటకోసారి చూసింది. మీటింగులో చూసింది, లిఫ్టులో చూసింది, పళ్లు తోముకుంటూ చూసి, నాన్న గుర్తొచ్చి బ్రష్షు పక్కన పెట్టేసింది. నాలుగో రోజు సాయంత్రం, ఇంట్లో ఆఫీసు కాల్‌లో ఉండగా, మెసేజి వచ్చింది. కవరు అందజేయబడింది. కింద తీసుకున్నవారి సంతకం. పోస్టుమాన్ ఫోన్ తెర మీద వేలితో పెట్టిన సంతకమేమో, వానపాము వంకర్లు పోయినట్టుంది.

అప్పుడే నాన్న తలుపు దగ్గరికొచ్చాడు. "కవరు అందిందమ్మా."

రుజువమ్మ ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. "తెలుసు నాన్నా, ఇప్పుడే చూశా. సంతకం కూడా పెట్టారు."

నాన్న ఆశ్చర్యపోయాడు. తను సంతకం పెట్టి రెండు నిమిషాలు కాలేదు. ఈ కాలం పిల్లలకు ఫోన్లో అన్నీ తెలిసిపోతాయి కాబోలు అనుకున్నాడు. "మరి దాన్నేం చేయమంటావ్?"

"మనం చేసేదేం లేదు నాన్నా. ఇక వాళ్లే చూసుకుంటారు."

ఆయన సరేనని వెళ్లాడు. ఆ రోజునుంచి మెషీన్ నడవడం మానేసింది. కాలు కుదురుకుందని అమ్మ సంతోషించింది.

రెండు వారాలైనా డబ్బు రాలేదు. రుజువమ్మ షాపు హెడ్డాఫీసుకు ఫోన్ చేసింది.

"మీ పేరున మాకే కవరూ రాలేదండి."

"వచ్చిందండి. సంతకం ఉంది."

"ఎవరి సంతకం?"

"అది మీరే చెప్పాలి."

ఆ రాత్రి కూర్చుని ఫోటోలు, స్క్రీన్‌షాట్లు అన్నీ ప్రింటు తీసింది. నలభయ్యొక్క పేజీలు. స్పైరల్ బైండింగ్ చేయించింది. వినియోగదారుల ఫోరానికి రాసిన ఫిర్యాదు కాపీ చివర జతచేసి, సెలవు పెట్టి, నేరుగా హెడ్డాఫీసుకే వెళ్లింది.

మేనేజరు ఫైలు తిప్పుతూ పోయాడు. గ్యాస్ కట్టేసిన ఫోటో దగ్గర ఆగాడు. "ఇదెందుకమ్మా?"

"ఆ రోజు నేను ఇంట్లోంచి బయల్దేరినట్టు రుజువండి."

ఫోరం పేరు చూడగానే ఆయన నుదుటిన చెమట పట్టింది. స్టాఫునందరినీ పిలిచి, వరసగా నిలబెట్టి, తన ఫోన్ తెర మీద వేలితో సంతకం చేయమన్నాడు. పదకొండు మంది చేశారు. పదకొండు వానపాములు వచ్చాయి. అందులో ఒకటి ట్రాకింగ్‌లోని వానపాముకు తోబుట్టువులా ఉంది. అది టపా తీసుకునే ముసలి గుమస్తాది.

"ముప్ఫయ్యేళ్లలో ఒక్క కాగితం పోలేదు సార్ నా దగ్గర" అన్నాడాయన.

"మరి ఈ సంతకం?"

గుమస్తా చాలాసేపు చూశాడు. "నేను పెట్టిన గుర్తు లేదు సార్. కానీ నాది కాదని ఎలా చెప్పను? నాదిలాగే ఉంది."

మేనేజరు చేతులు కట్టుకుని రుజువమ్మ వైపు తిరిగాడు. "కవరు మాకు అందినట్టు ఒప్పుకుంటూ లెటర్ ఇస్తాం. మీ క్యాష్‌బ్యాక్ ఈయన జీతంలోంచి కోసి ఇస్తాం. ఫోరం దాకా వద్దమ్మా."

గెలిచింది. లెటర్ బ్యాగులో వేసుకుంది కానీ, దానికి ఫోటో తీయడం మరిచిపోయింది. బయటికొస్తుంటే ముసలి గుమస్తా టేబుల్ సొరుగులన్నీ బయటికి లాగి, నేల మీద కూర్చుని, రాని కవరు కోసం వెతుకుతున్నాడు.

ఇంటికొచ్చి అమ్మానాన్నలకు లెటర్ చూపించింది. తర్వాత అలవాటుగా ట్రాకింగ్ పేజీ కూడా తీసింది. "ఈ సంతకం వల్లే పట్టుకున్నా నాన్నా."

నాన్న కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరికి తీసుకున్నాడు. "ఇది నాదేనే."

"మీదేమిటి?"

"సంతకం. ఆ రోజు పోస్టతను వస్తే పెట్టాను కదా. నీతో చెప్పాను కూడా. తెలుసన్నావు."

రుజువమ్మ ఫోన్లో రసీదు ఫోటో తీసింది. మొదటిసారి చదివింది. చేరవలసిన చోటు అన్న చోట తమ వీధి, తమ పిన్‌కోడు. మూడు ఫోటోల్లోనూ స్పష్టంగా ఉంది.

"నాన్నా, ఆ కవరేది?"

"విప్పుదామని చూశాను. ఆ టేపు కత్తెరకి తెగలేదు, కొరుకుదామంటే పళ్లు లేవు. చేసేదేం లేదన్నావుగా." ఆయన బాత్‌రూమ్ వైపు చూశాడు. "మందంగా ఉందని మెషీన్ కాలి కింద పెట్టాను."

అమ్మ మెషీన్‌ను ఒక పక్కకు ఎత్తి పట్టుకుంది. నాన్న కింద చెయ్యి పెట్టి లాగాడు. మడవవద్దు అన్న అక్షరాల మీదుగా నాలుగు మడతలు పడి వచ్చింది కవరు. తడపవద్దు అన్నచోట సబ్బునీళ్లు జారిపోతున్నాయి. టేపు పుణ్యమా అని లోపలికి చుక్క పోలేదు.

"లెటర్ ఇచ్చేశారుగా. ఊరుకుంటే పోదూ" అంది అమ్మ, కూతురి మొహం చూడకుండా.

రుజువమ్మకు నేల మీద కూర్చున్న ముసలాయన కనిపించాడు. నాన్న కూడా కనిపించాడు, ఎదురుగానే, బోసినోటితో. ఆయనే అన్నాడు, "బ్రెడ్డు నాకు అలవాటైపోయిందమ్మా. వెళ్లి చెప్పిరా."

మర్నాడు తొమ్మిదింటికే ఆ కవరు మేనేజరు టేబుల్ మీద పెట్టి, తలొంచుకుని జరిగిందంతా చెప్పింది. టేబుల్ పక్కన నిలబడ్డ ముసలి గుమస్తానే ముందు కవరు అందుకుని, వెలుతురుకు పట్టి, తేదీ ముద్ర చూశాడు.

"సార్, గడువుకి మూడు రోజుల ముందే పోస్టయింది. రూల్లో పోస్టు ముద్ర తేదీయే అడిగాం. ఎప్పుడు చేరాలో మనం రాయలేదు."

మేనేజరు రూలు తీసి రెండుసార్లు చదివాడు. క్లెయిము చెల్లుతుంది. జీతం కోత కాగితం ముక్కలై చెత్తబుట్టలో పడింది. తర్వాత ఇరవై నిమిషాలు రెండు కత్తెరలతో కవరు విప్పారు.

"నేను వెళ్తానండి" అంది రుజువమ్మ చిన్న గొంతుతో.

"రసీదు వద్దా అమ్మా?" అన్నాడు ముసలి గుమస్తా.

"వద్దండి. మీ మీద నమ్మకం ఉంది."

"నాకు లేదు." ఆయన తన ఫోన్‌తో కవరుకు రెండు ఫోటోలు, ఆమెకు ఒక ఫోటో తీసి, తెర ఆమె ముందుకు జరిపాడు. "మీరు ఇచ్చినట్టు ఇక్కడ సంతకం పెట్టి వెళ్లండి."

వేలితో పెట్టింది. వానపాము వచ్చింది.

నెల తిరక్కుండా నాన్నకు పళ్లొచ్చాయి. కవరు తీసేసిన మెషీన్ మళ్లీ నడక మొదలుపెట్టింది కానీ, కాలి కింద ఆ నలభయ్యొక్క పేజీల ఫైలు పెట్టాక కదల్లేదు, కాబట్టి ఆ రుజువులు దేనికీ పనికిరాలేదని ఇంట్లో ఎవరూ అనలేకపోయారు.