రెండు వేళ్లు కుంగిన వాకిలి

సిరిసిల్లలో ఆనందం పనిచేసే మరమగ్గాలు ఆగి రెండు నెలలైంది. ఆ సోమవారం అతని ఆలోచన చాలా సులువైనది. పొద్దున సంచి సర్దుకోవాలి, మధ్యాహ్నం అన్నం తినాలి, నాలుగింటికి సందు మొగలో ఆగే భివండి బస్సు ఎక్కాలి. అక్కడ మగ్గాలు నడుస్తున్నాయట. అది విన్న భార్య ఇంద్రమ్మ తలస్నానం చేసి, నీళ్లబిందెతో వాకిట్లోకి వెళ్లింది.

వాకిట్లో మూడు మూలల రేకు ఒకటి పాతి ఉంది. బోర్లు నీళ్లు తోడేస్తుంటే నేల కుంగుతోందా అని కొలవడానికి భూగర్భజలాల ఆఫీసు ప్రేమలత మేడం పెట్టించింది. పన్నెండు రోజులకోసారి ఉపగ్రహం పంపే రాడార్ కిరణం ఆ రేకుకు తగిలి తిరిగి పైకి పోతుందట. "వేలెడంత కదిలినా పైన తెలుస్తది, పైలం" అని చెప్పి మరీ వెళ్లింది.

ఒంటిగంటకు ఆమె ఫోన్ చేసింది. "ఆనందమన్నా, మీ వాకిట్ల రెండు వేళ్లు కుంగింది! జగిత్యాల నుంచి వస్తున్న. ఎటూ పోకుండ్రి."

ఆ మాట ఆనందం పక్కింటి జలపతితో అన్నాడు. జలపతి చాయ్ హోటల్లో చెప్పేసరికి అది రెండు మూరలైంది. రెండింటికల్లా సందంతా బీరువాలు బయటపెట్టారు. జలపతి షెడ్డులోని మగ్గానికి తాడు వేసి వేపచెట్టుకు కట్టాడు.

"బాపు కొన్న సాంచా మగ్గం, గుంతల పడనిస్తనా!"

"చెట్టు సుత గా భూమిలనే ఉన్నది గదయ్యా" అంది అతని భార్య ఉమారాణి.

జలపతి కాసేపు ఆలోచించి, ఇంకో తాడు తెమ్మన్నాడు.

నాలుగింటికి బస్సు రాలేదు. డ్రైవరు ఫోన్ వచ్చింది. "మీ సందు భూమిల మునుగుతున్నదట. నేను రాను తమ్మీ, బైపాస్ మీదికెల్లి పోతున్న."

ఆనందం సంచితో వాకిట్లో నిలబడి ఉండగానే ప్రేమలత వచ్చింది. రేకు పక్కన చెయ్యి పెడితే మణికట్టు దాకా బురదలోకి దిగింది. రేకు నిండా పసుపు, కుంకుమ, బంతిపూలు.

"ఎవలు పోసిండ్రు నీళ్లు?"

ఇంద్రమ్మ కొంగు సర్దుకుంది. "నేనే మేడం. దినాం అయిదు బిందెలు. ఇది కదిలితే చూసెటోళ్లు పైన ఉన్నరంటిరి గద! మా ఆయనను సుత కదలకుండ చూడుమని మొక్కిన. పెండ్లయినకాడికెల్లి శివునికి పోస్తున్న, నువ్వు కుంగినవని ఆ దేవుడు ఎన్నడు ఫోన్ చెయ్యలె."

ప్రేమలత నవ్వబోయి, సంచిని చూసి ఆగింది. ఆమె వేరే ఊళ్లలో పెట్టించిన రేకులదీ ఇదే కథ. కోరుట్లలో రేకుకు ఎవరో బొట్లు పెట్టారు. జగిత్యాలలో కొబ్బరికాయ కొట్టి సొట్ట చేశారు.

"నేను చెప్తె ఎవ్వలు ఇంటలేరన్నా. ఊరూరు తిరిగి రేకులకు కావలి కాసెటందుకు ఇక్కడి మనిషే కావాలె. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చే కొలువు. చేస్తవా?"

ఆనందం భార్య వంక చూశాడు. ఆమె ఆకాశం వంక చూస్తోంది. ఆమె మొక్కు విన్నది ఉపగ్రహమో, మరొకరో అతను అడగలేదు. సంచి విప్పాడు.

మర్నాడు పొద్దున్నే కావలి కొలువులో ఆనందం మొట్టమొదట ఆపవలసి వచ్చింది, రేకుకు నూటొక్క బిందెల మొక్కు తీర్చుకోవడానికి మొదటి బిందె ఎత్తుకొస్తున్న ఇంద్రమ్మను.