ఏడింటికల్లా అందరూ క్షేమం

అమ్మాయికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: ఎవరికైనా ఏదైనా అయి, పక్కనే ఉండి కూడా తనకు తెలియకపోవడం. పాప కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఆ వేలికి పాప లేస్తుంది. లేచి ఏడుస్తుంది. అప్పటికి గానీ అమ్మాయికి ఊపిరి ఆడదు.

ఆమెను అమ్మాయి అని పిలిచేది పలకరింపు సంఘం వాళ్ళు. సైకిల్ షాపు మేడ మీద ఒక గది, ఒకదానికొకటి పోలిక లేని నాలుగు కుర్చీలు, అదీ సంఘం ఆఫీసు. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ళంతా అందులో సభ్యులు. పొద్దున్నే ఒకరు ఇంకొకరికి ఫోన్ చేయాలి. ఎత్తకపోతే వెళ్ళి తలుపు కొట్టాలి. అంతకుమించి నియమాల్లేవు. అందరూ జుట్టు నెరిసినవాళ్ళే. మొగుడు డ్యూటీకి వెళ్తే పగలంతా పాపతో ఒక్కతే ఉంటుందని అధ్యక్షుడు మాస్టారు ఈమెను కూడా చేర్చుకున్నారు. "పాప పడుకుందా? నువ్వు తిన్నావా?" అని రోజూ ఫోన్ చేసేవారు.

చేసేవారు అనడం ఎందుకంటే, ఈమధ్య సంఘం డిజిటల్ అయింది.

చిన్న చిన్న సంఘాలకు ఆన్‌లైన్ పేజీలు పెట్టడం నేర్పే సంస్థ నుంచి ఒక ట్రైనర్ వచ్చింది. సంఘానికి ఒక పేజీ, సభ్యులకు ఒక గ్రూపు పెట్టించింది. "ఏదైనా క్రమం తప్పకుండా పడుతూ ఉండాలండీ. మీరు పడుకున్నా మీ పేజీ పనిచేస్తూనే ఉండాలి" అని చెప్పి, మెసేజ్‌ను ముందే రాసిపెట్టి దాని టైముకి అదే వెళ్ళేలా చేయడం నేర్పింది. చదువు పదో తరగతిలో ఆగిపోయినా, ఫోన్ సంగతి త్వరగా పట్టుకున్నది అమ్మాయి ఒక్కతే. కాబట్టి పనంతా ఆమె మీదే పడింది.

ఫోన్లు మానేసి, పొద్దున్నే ఎవరికి వారు గ్రూపులో "నేను బాగున్నాను" అని పెట్టాలన్నారు మాస్టారు. మొదటివారం సగంమంది మరిచిపోయారు. ఒకాయన కళ్ళద్దాల ఫొటో పెట్టి ఊరుకున్నాడు. అమ్మాయికి కంగారు. అందరి ఇళ్ళకూ తిరిగి, అందరి ఫోన్లలోనూ ఆ మాట రాసి, రోజూ ఏడింటికి అదే వెళ్ళిపోయేలా పెట్టేసింది. తొమ్మిదింటికి పేజీలో కూడా: "ఈ రోజు మా సభ్యులందరూ క్షేమం."

"శభాష్! ఒక్కరూ తప్పకుండా బాగున్నాం" అని మాస్టారు మురిసిపోయారు.

ఆ లెక్కలో చేరకుండా మిగిలింది, ఎప్పుడు పలకరించినా ఒంటినొప్పులే చెప్పే నొప్పుల మామ్మ ఒక్కతే. ఫోన్ ముట్టుకోనిచ్చేది కాదు. నిన్న సాయంత్రం పాపను ఆవిడ ఒళ్ళో పడేసి, ఆ సందులో అమ్మాయి పని పూర్తి చేసింది. ఈ రోజు పాపకు స్నానం చేయించి, నిద్రపుచ్చి, పదింటికి వచ్చే ట్రైనర్‌కు అంతా చూపించాలని ఆమె ఆలోచన.

ఏడింటికి ఫోన్ టింగుమంది. ఆ వెంటనే మోగింది. కండక్టర్ బాబాయ్. రిటైరై చాలాకాలమైనా ఆయన మెళ్ళో విజిల్ మాత్రం రిటైర్ కాలేదు.

"అమ్మాయ్, ఘోరం జరిగింది! మామ్మ బాగుందట!"

"మంచిదేగా బాబాయ్."

"ఏం మంచి? ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట ఎప్పుడన్నా విన్నావా? పైగా పక్కన పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ! ఎవడో ఫోన్ లాక్కుని ఉంటాడు."

"అయ్యో, అది మామ్మ పంపలేదు. నేనే."

"నువ్వా? మరి మామ్మ ఏదీ?"

మనిషి బాగున్నా, పడిపోయినా, అసలు లేకపోయినా ఏడయ్యేసరికి ఆ ఫోన్ బాగున్నాననే అంటుంది. ఇంతకాలం ఆ సంగతి అమ్మాయికి తట్టనే లేదు. మామ్మకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పాప ఒంటి మీది సబ్బు పూర్తిగా కడగకుండానే తువ్వాలులో చుట్టుకుని పరుగెత్తింది.

మామ్మ తలుపుకు ఉన్నది లోపల్నుంచి వేసినా బయటనుంచి వేసినా ఒకేలా పడే తాళం, ఆవిడ ఇంట్లో ఉందో లేదో చెప్పలేం. లోపల ఫోన్ మోగుతోంది. బాబాయ్ విజిల్ ఊదాడు. ఆ విజిల్‌కు సంఘమంతా దిగింది. ఎవరో వెళ్ళి తాళాలవాణ్ణి పిలుచుకొచ్చారు. ఈలోగా బాబాయ్ మామ్మ ఫొటోతో సంఘం పేజీలో "కనబడుటలేదు" అని పెట్టాడు. సరిగ్గా తొమ్మిదింటికి దానిమీద ఇంకోటి వచ్చి పడింది: "ఈ రోజు మా సభ్యులందరూ క్షేమం."

ఆ పోస్టుల కింద జనం అడగడం మొదలుపెట్టారు. "రెండింట్లో ఏది నమ్మాలండీ?" "కనబడకపోతే క్షేమమని ఎలా తెలిసింది?"

ఆఫీసు గదిలో ఎవరూ లేరని వెతుక్కుంటూ వచ్చిన ట్రైనర్ ఫోన్ చూసి కళ్ళు పెద్దవి చేసింది. "అమ్మో, ఎంతమంది చూస్తున్నారో! కొత్త పేజీకి ఇంత స్పందన నేనెప్పుడూ చూడలేదండీ!"

"నువ్వు కాసేపు ఆగు తల్లీ" అన్నాడు బాబాయ్.

తాళం ఊడింది. లోపల మామ్మ లేదు. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. పక్క మడిచి ఉంది. చెప్పులు లేవు.

"ముందు మాస్టారికి చెబుదాం" అన్నారెవరో. "ఆయన రాలేదేం?"

"ఆయనకేం, బాగున్నారు. పొద్దున్నే మెసేజ్..." అంటూ బాబాయ్ ఆగిపోయాడు.

అందరూ అమ్మాయి వైపు చూశారు. "అదీ నేనే" అంది అమ్మాయి, వినపడీ వినపడనట్టు.

పక్కవీధిలో మాస్టారి తలుపు తీసే ఉంది. మంచం మీద ఆయన, కాలికి తడిగుడ్డ. ఎదురుగా స్టూలు మీద నొప్పుల మామ్మ, చేతిలో వేడిపాల గ్లాసు.

"తాగండి! మూతి తిప్పడానికి మీరేం చంటిపిల్లాడా?" అని కసిరి, మామ్మ గుమ్మం వైపు తిరిగింది. "ఇప్పటికి తెల్లారిందా మీకు? రెండ్రోజులుగా జ్వరం ఈయనకి. రాత్రి బాత్రూంలో జారారు."

"నీకెలా తెలిసింది మామ్మా?"

"మీరంతా మానేసినా నేను రోజూ ఈయనకి ఫోన్ చేసి నా మోకాళ్ళ సంగతి చెప్తాను. నిన్న అంతసేపు చెప్పినా మధ్యలో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అప్పుడే అనుమానం వచ్చింది. ఇవాళ అసలు ఎత్తనే లేదు. ఉన్నపళాన బయల్దేరా."

అమ్మాయి మంచం పక్కన కూలబడింది. "నా వల్లే మాస్టారూ. మీరు బాగున్నారని నేనే..." ఆపైన ఏడుపు. తల్లిని చూసి పాప కూడా అందుకుంది.

మాస్టారు ఆమె తల మీద చేయి వేశారు. "ఏడవకమ్మా. పొద్దున్న నేను కూడా చూశాను, నేను బాగున్నానని. అంత నమ్మకంగా ఉంటే నిజమేనేమో అనుకుని మళ్ళీ పడుకున్నా."

ముందు నవ్వింది మామ్మే. తన తాళం సంగతి ఆవిడకు ఇంకా తెలియదు.

ఆ పూటే అమ్మాయి ఇంటింటికీ తిరిగి అన్ని ఫోన్లలోనూ ఆ మాట తీసేసింది. పేజీ ఉంచారు. పొద్దుటి ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. గ్రూపులో ఎవరికి ఏది బాగాలేకపోతే అది రాయాలని తీర్మానించారు. ఒకరికి నడుం, ఒకరికి పన్ను, బాబాయ్‌కి పక్కింటి రేడియో. ఇంత మూలిగే గ్రూపు ఎక్కడా లేదంది ట్రైనర్.

కొన్నాళ్ళకు ఒక పొద్దున అమ్మాయి కూడా రాసింది. మూడుసార్లు చెరిపి, నాలుగోసారి పంపింది: "పాప నిద్రపోనివ్వడం లేదు. నాకు ఊరికే ఏడుపొస్తోంది. ఎందుకో తెలియడం లేదు."

ఫోన్ కింద పెట్టిందో లేదో తలుపు చప్పుడైంది. మామ్మ. "పాపనిలా ఇచ్చి నువ్వు పడుకో. ఊఁ, మాట్లాడకు. నా మోకాళ్ళ గురించి దీనికి చెప్తాను, ఇదైనా వింటుంది."

మీకూ ఒకరుండే ఉంటారు, ఎప్పుడడిగినా బాగున్నానని టకీమని చెప్పేవాళ్ళు. ఈ పూట ఒకసారి ఫోన్ చేయండి. ఎత్తకపోతే వెళ్ళండి. తాళం మాత్రం పక్కవీధి కూడా చూశాకే పగలగొట్టండి.