దోమకు కూడా కళ్ళెమే!

లోకం ఈమాత్రమైనా అదుపులో ఉందంటే కారణం పోలీసులు కారు, చట్టాలూ కావు. నేను! నమ్మకం కలగడం లేదా? పత్రికలో హెడ్డింగులు పెట్టే సబ్‌ఎడిటర్ని. ఇరవై రెండేళ్ళుగా కళ్ళేలు వేయడమే నా వృత్తి.

కళ్ళెం అంటే గుర్రం నోట్లో పెట్టే ఇనుప కడ్డీ, దానికి తగిలించిన తోలు పట్టీలు అంటుంది నిఘంటువు. పాపం, దానికి పేపరు చదివే అలవాటు లేదు. ధరలకు కళ్ళెం వేసింది ఎవరు? నేనే. పొగకు కళ్ళెం, బైకు రేసులకు కళ్ళెం, ఉల్లిపాయలకు కళ్ళెం... ఒకసారి దోమలకు కూడా వేశాను, ఏకంగా నాలుగు కాలమ్‌ల వెడల్పున! దోమకు నోరెక్కడుందని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. కుట్టినప్పుడు తెలియలేదా అని జవాబిచ్చాను.

గుర్రాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా అని మాత్రం అడక్కండి. చూసి ఉంటే ఇంత ధైర్యంగా వేయగలిగేవాణ్ణా?

ఇందులో ఎంత సుఖముందో ఆలోచించండి! అధికారి చర్యలు తీసుకుంటామంటాడు. సాయంత్రం ఆరు కల్లా నేను కళ్ళెం బిగించేస్తాను. పొద్దున్నే పాఠకుడు అది చదివి హాయిగా కాఫీ తాగుతాడు. ముగ్గురిలో ఎవరూ కుర్చీలోంచి లేవనక్కర్లేదు.

మా వీధి కుక్కల సంగతే చూడండి. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా మామగారిని రోజూ అరగంట నడవమన్నారు డాక్టరు. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందట. గేటు తీస్తే చాలు, ఏడు కుక్కలు! మూడు వారాలుగా ఆయన వరండా దాటలేదు. మా ఆవిడ మున్సిపల్ ఆఫీసుకు అర్జీ మీద అర్జీ పెట్టింది. నిన్న జవాబు వచ్చింది. సమస్య పరిష్కారమైందట, ఫైలు మూసేశారట. రుజువుగా ఒక పేపరు కటింగు జతచేశారు: ‘వీధి కుక్కలకు కళ్ళెం’.

హెడ్డింగు నాదే. అబద్ధమెందుకు, మొదట కాస్త గర్వంగానే అనిపించింది. మా ఆవిడ ఆ కాగితం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు సిగ్గేసింది.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని కటింగును రెండుసార్లు చదివారు. చేతికర్ర అందుకుని, ఎంతో ఆశగా అడిగారు:

“అల్లుడుగారూ, ఈ కళ్ళెం వేసిన కుక్కలు ఏ వీధిలో ఉంటాయి? నన్ను అక్కడికి తీసుకెళ్తారా? ఓ అరగంట నడిచొస్తాను.”