జెరూషా బస్సు, కొండలరావు సబ్బు

తొమ్మిదిన్నరకి నందిగామలో బయల్దేరాలి, పదిన్నరకల్లా జగ్గయ్యపేటలో కమిటీవారి ముందు ఆగాలి. ఆ ఉదయం ఇంజనీరు జెరూషా అనుకున్నది ఇంతే. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించుకుని నడిచే సిటీ బస్సు అది. తోడుగా బ్యాటరీ కూడా ఉంది. బస్సుకి అనుమతిచ్చే ఆ కమిటీ కాదన్నదా, మూడేళ్ళ కష్టం గంగపాలే.

డ్రైవరు కొండలరావుది ముప్పై ఏళ్ళ డీజిలు అనుభవం. బయల్దేరే ముందు వెనక గొట్టంలోంచి నీళ్ళు కారడం ఆయన కంట పడింది. ఈ బస్సు పొగకి బదులు నీళ్ళే వదులుతుందని జెరూషా అందరికీ చెప్పిన రోజు, పాపం, ఆయన సెలవులో ఉన్నాడు.

"కొత్త బండి, అప్పుడే కారతంది! ఆఫీసర్లు చూస్తే మేడమ్ పరువు పోద్ది," అని జాలిపడ్డాడు. డీజిలు ట్యాంకు కారితే సబ్బు మెత్తడం డిపోలో నేర్చిన విద్య. బట్టల సబ్బు సగం విరిచి, తడి గుడ్డలో చుట్టి, గొట్టంలో కూరేశాడు. ఎవరితోనూ అనలేదు. చేసిన సాయం చెప్పుకునే రకం కాదు మరి!

నవాబుపేట దాటగానే ఎర్రలైటు వెలిగింది. హైడ్రోజన్ ఆగింది, బస్సూ ఆగింది. జెరూషాకి ఏడుపొక్కటే తక్కువ.

"అందరూ దిగండి! తోయాల!" అన్నాడు కొండలరావు, స్టీరింగు వదలకుండానే.

"ఒక్క నిమిషం ఆగండీ, బ్యాటరీ అందుకుంటుంది," అంది జెరూషా. వింటేగా! ఉచిత ప్రయాణమని ఎక్కిన రత్తమ్మ కొంగు బిగించి దిగింది. వెనకాలే ఇరవైమంది దిగారు. అంతా కలిసి ఒక్క తోపు తోశారు. సరిగ్గా అప్పుడే బ్యాటరీ అందుకుంది.

"చూసారా, నా చెయ్యి పడగానే కదిలింది!" అని రత్తమ్మ మురిసిపోయేలోగా, చప్పుడన్నది లేని ఆ బస్సు అందర్నీ రోడ్డు మీద వదిలేసి వెళ్ళిపోయింది.

"ఓరి నీ బండి బంగారంగానూ! ఆపవయ్యా!" అంటూ వంద గజాలు పరిగెత్తి ఎక్కారు.

జగ్గయ్యపేట చేరేసరికి పావుగంట ఆలస్యం. కమిటీ పెద్దాఫీసరు మొహం ముడుచుకున్నాడు.

"ఆలస్యం సంగతి అలా ఉంచమ్మా. దారిలో హైడ్రోజన్ ఆగిపోతే? ఆ పరీక్ష చెయ్యందే నేను సంతకం పెట్టను."

జెరూషాకి అబద్ధం చేతకాదు. "ఇప్పుడే ఆగిందండీ. అక్కణ్ణించి బ్యాటరీ మీదే వచ్చాం. నీళ్ళ గొట్టం మూసుకుపోయిందని మీటరు చూపిస్తోంది. ఎలా మూసుకుందో తెలీదు."

కొండలరావు మొహం మాడిపోయింది. వెనక్కి వెళ్ళి గుడ్డ పీకాడు. నురగతో సహా నీళ్ళు ఆఫీసరు బూట్ల మీద పడ్డాయి. "నేనే మూసానమ్మా! మీ పరువు పోద్దని..."

జెరూషాకి కోపమూ వచ్చింది, ఆ మాటకి కళ్ళూ చెమర్చాయి. ఆఫీసరు తడిసిన బూట్లని చూసుకుని, పెన్ను తీశాడు. "అయితే పరీక్ష అయిపోయినట్టేగా!"

నివేదికలో పరీక్షకు వాడిన పరికరాల జాబితా చివర జెరూషా ఇంకొకటి చేర్చింది: బట్టల సబ్బు, అర బిళ్ళ.