నిండా ఛార్జింగు పెట్టిన కారు

ఆ ఉదయం వెంకటరామారావు పథకం చాలా చిన్నది. పినపాక నుంచి మణుగూరు వెళ్ళాలి. బొగ్గు గని క్వార్టర్లలో మంగయ్య ఇంటి ముందు కారు ఆపాలి. అద్దం దించి, "మీ అబ్బాయికి మా అమ్మాయిని ఇవ్వడం కుదరదండీ" అని మర్యాదగా చెప్పాలి. మళ్ళీ అద్దం ఎత్తేసి, మిరప చేలోకి కూలీలు దిగే వేళకి తిరిగి వచ్చెయ్యాలి. కారు మాత్రం దిగకూడదు.

దిగకూడదనడానికి కారణం ఉంది. కాదని చెప్పబోయే ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు, తాగాక కాదంటే ఆ నీళ్ళకు ద్రోహం చేసినట్టే. కోస్తా నుంచి వలస వచ్చి ఇక్కడ భూమి కొన్న తండ్రి పెట్టిన నియమం అది. వెంకటరామారావు తండ్రి నియమాలు చాలా సడలించాడు గానీ దీని జోలికి ఏనాడూ పోలేదు. పైగా సత్తుపల్లిలో ఉండే అన్నగారు వెంకటకృష్ణ ఫోన్ చేసి మరీ హెచ్చరించాడు. "గడప తొక్కావంటే మెత్తబడిపోతావు, నీ సంగతి నాకు తెలీదా? గేటు దగ్గరే తెంచేసి రా."

కూతురు ఉదయశ్రీ మణుగూరులో ఒక బడిలో ఫిజిక్సు చెబుతుంది. మంగయ్య కొడుకు కిషోర్ గనిలో డంపర్ నడుపుతాడు. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు, అన్నం మానలేదు. తండ్రి బయలుదేరుతుంటే వాకిట్లోకి వచ్చి ఒక్కటే అడిగింది.

"ఒక్కసారి వాళ్ళింట్లో కూర్చుని మాట్లాడు నాన్నా. ఆ తర్వాత కాదన్నా సరే."

వెంకటరామారావు వినిపించుకోనట్టు కారు తాళం కోసం జేబులు తడుముకున్నాడు. తాళం చేతిలోనే ఉంది.

ఆ కారు కూడా కూతురు ఎంచిందే. ఎలక్ట్రిక్ కారు, అందులోనూ మామూలుది కాదు. కాలు ఆనిస్తే చాలు, వీపు వెళ్ళి సీటుకు అతుక్కుంటుంది. మిరప రైతుకు ఇంత వేగం ఎందుకని ఊరంతా నవ్వింది. నిజానికి ఆయనకు నచ్చింది వేగం కాదు, ఆగడం. యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తగానే ఎవరో వెనక నుంచి పగ్గం లాగినట్టు బండి తనంతట తనే ఆగుతుంది. ఆ ఆగడంలో పుట్టిన కరెంటు తిరిగి బ్యాటరీలోకే పోతుంది. "ఒలికిన పాలు మళ్ళీ గిన్నెలోకి ఎక్కడం ఎప్పుడైనా చూశావా వీరబాబూ?" అని బయ్యారం క్రాస్ రోడ్డులో టీకొట్టు నడిపే వీరబాబును రోజూ అడిగేవాడు. ఆయన బ్రేకు తొక్కి నెల దాటింది. బ్రేకులు డ్రైవింగు రానివాళ్ళ కోసం పెట్టారని కూడా అదే టీకొట్టులో సెలవిచ్చాడు.

సీట్లో కూర్చునేసరికి తెర మీద ఎప్పుడూ ఎనభై ఉండే ఛార్జింగు అంకె వంద చూపిస్తోంది. పక్కన భార్య పద్మావతమ్మ పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పళ్ళబుట్ట పెట్టుకుని కూర్చుంది.

"వంద దాకా ఎవరు పెట్టారు?"

"నేనే. పెళ్ళిమాటకు వెళ్తూ వెలితితో బయలుదేరతామా? బిందె నింపినట్టు నింపా."

"మనం వెళ్ళేది కాదని చెప్పడానికి పద్మా."

"చెప్పండి, నేను వద్దన్నానా? ఒట్టి చేతులతో మాత్రం వెళ్ళకూడదు."

క్రాస్ రోడ్డు ముందు ఒక కిలోమీటరు రాయి ఉంది. అక్కడ కాలు ఎత్తితే కారు సరిగ్గా వీరబాబు బల్ల ముందు ఆగుతుంది. ఆయన రోజూ చేసే గారడీ అది. వీరబాబు అప్పటికే టీ గ్లాసు పట్టుకుని రోడ్డు పక్కకు వచ్చాడు. రాయి దగ్గర వెంకటరామారావు దర్జాగా కాలు ఎత్తాడు. కారు ఆగలేదు. బల్ల దాటింది, కొట్టు దాటింది, పక్కనున్న సైకిల్ షాపు కూడా దాటింది. చేసేది లేక ఆయన చెయ్యి ఊపాడు.

వీరబాబు గ్లాసు గాల్లోనే ఉండిపోయింది. లోపల పట్టుచీర కనబడింది, పళ్ళబుట్ట కనబడింది. టీకి కూడా ఆగలేదంటే మంగయ్య ఇంట్లో పెళ్ళిమాటకు ముహూర్తం దాటిపోతోందన్నమాట. వీరబాబు వెంటనే మంగయ్యకు ఫోన్ కలిపాడు. "అన్నా, రామారావు సారు మీ ఇంటికే వస్తున్నడు. చాయ్ కూడ తాగకుంట ఉరుకుతున్నడు. పండ్లు తెస్తున్నరు, జల్దీ తయారుగుండున్రి!"

కారులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. అడవి మలుపులో మేకలమంద రోడ్డుకు అడ్డంగా నడుస్తోంది. ఆయన కాలు ఎత్తాడు. బండి వినలేదు. మేకలు దగ్గరవుతున్నాయి. ప్రాణభయంతో ఆయన కాలికి బ్రేకు గుర్తొచ్చింది. పాత ట్రాక్టర్ తొక్కిన అలవాటుతో బలమంతా పెట్టి తొక్కాడు. వేగానికి తగ్గ బ్రేకులు మరి, కారు ఉన్నచోటే అతుక్కుపోయింది. అరటిపళ్ళు అద్దానికి తగిలాయి. ఒక మేక దగ్గరకు వచ్చి ఆయన్ని తీరిగ్గా చూసి పోయింది.

"ఇంకోసారి అట్లా తొక్కారంటే నేను దిగి నడిచి వస్తా," అంది పద్మావతమ్మ పళ్ళు ఏరుకుంటూ.

"కాలు ఎత్తితే ఆగదు, తొక్కితే కదలదు. దీనికేదో గాలి సోకింది."

"బండి మీ పోలికే. అదను చూసి చెప్పాలి."

మంగయ్య ఇంటి ముందు అప్పటికి కళ్ళాపి చల్లి ముగ్గు వేశారు. అరుగు మీద కొత్త చాప పరిచారు. ఇరుగుపొరుగు వాళ్ళు పాతికమంది గేటు దగ్గర చేరారు. ఇంతమంది ముందు 'కుదరదు' ఎలా అనాలా అని ఆలోచిస్తూ వెంకటరామారావు అలవాటుగా కాలు ఎత్తాడు. దండం పెడుతున్న మంగయ్య ముందు నుంచి కారు సాఫీగా వెళ్ళిపోయింది.

సందు ఇరుకు, వెనక్కి తిప్పే చోటు లేదు. క్వార్టర్ల వరస చుట్టూ తిరిగి రావాల్సిందే. రెండోసారి భార్య మాటకు భయపడి బ్రేకును పసిబిడ్డను తట్టినట్టు తట్టాడు. కారు మరో నాలుగు గేట్లు దాటాక గానీ నెమ్మదించలేదు. ఈసారి కూడా దండం పెట్టిన మంగయ్య చేతులు అలాగే నిలిచిపోయాయి.

"గాయినెందుకు ఆగుతలేడు?" అని ఎవరో అడిగారు.

"ఇంటి చుట్టు ప్రదక్షిణం చేస్తున్నడు. మంచి సంబంధం దొరికిందని మొక్కుకున్నట్టుంది," అన్నాడు పక్క క్వార్టర్ రాందాస్. "గంత పెద్ద రైతు! ఎంత అణకువ చూడు!"

మంగయ్య భార్య పిచ్చమ్మ కళ్ళు తుడుచుకుంది. మూడోసారి కారు మలుపు తిరిగేసరికి జనం చేతులు జోడించి నిలబడ్డారు. మంగయ్యకు మాత్రం ముప్పై ఏళ్ళుగా బండ్ల మధ్య బతికిన మనిషికి కలిగే అనుమానం కలిగింది. గనిలో డంపర్‌ను ఆపినట్టు రెండు చేతులూ చాచి సందు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

భార్య ఏమన్నా సరే అనుకుని వెంకటరామారావు గట్టిగా తొక్కేశాడు. కారు మంగయ్య పంచెకు జానెడు దూరంలో ఆగింది. మంగయ్య కదల్లేదు. మనిషిని చంపబోయానన్న మాట ఒక్కటే వెంకటరామారావు మనసులో ఉంది. 'కుదరదు' అన్న మాట ఆ చుట్లలో ఎక్కడో జారిపోయింది.

ఎవరూ తిట్టలేదు. పిచ్చమ్మ పరుగున వచ్చి పద్మావతమ్మ చెయ్యి పట్టుకుంది. "దెబ్బ గిట్ల తాకిందా వదినా?" కిషోర్ రెండు రాళ్ళు తెచ్చి కారు చక్రాలకు అడ్డం పెట్టి, ఆ తర్వాతే తలుపు తీశాడు. గనిలో బండి ఆపితే ముందు చక్రానికి అడ్డు, తర్వాతే మాట. వెంకటరామారావు సీట్లోంచి ఆ వంగిన వీపునే చూశాడు. బిడ్డ ఎంత వేగంగా పోతుందోనని ఇన్నాళ్ళూ భయపడ్డాడు గానీ, ఆపుకోవడం తెలిసినవాడి పక్కన ఉంటుందా అని ఒక్కనాడూ ఆలోచించలేదు.

మంగయ్య ఇత్తడి చెంబు అందించాడు. "ఏం చెప్పనీకి వచ్చిన్రో తర్వాత చెప్పున్రి బావా. ముందుగాల నీళ్ళు తాగున్రి."

ఆయన చెంబు ఖాళీ చేసేశాడు. మూతి తుడుచుకుంటుండగా తండ్రి గుర్తొచ్చాడు. చెంబు వంక చూశాడు. ఒక్క చుక్క మిగల్లేదు.

అరుగు మీద కూర్చున్నాక కూతురికి ఫోన్ చేశాడు. "నీ బండి ఆగడం లేదమ్మా."

"ఎంత ఛార్జింగుతో బయలుదేరారు?"

"నిండా. వంద."

"అయ్యో నాన్నా! నిండిన బ్యాటరీలో కరెంటుకు ఇంక చోటేది? అది తీసుకోకపోతే కాలు ఎత్తినా బండి ఆగదు. ఎనభై దగ్గర తీసెయ్యమని అమ్మకు నూరుసార్లు చెప్పా. అయినా బ్రేకు ఉంది కదా?"

"ఉందమ్మా. ఇవాళే పరిచయమైంది."

ఆయన భార్య వైపు చూశాడు. పద్మావతమ్మ పిచ్చమ్మ చేసిన గారె తింటూ, పప్పు ఎంతసేపు నానబెట్టారని చాలా శ్రద్ధగా అడుగుతోంది.

ఫోన్లో ఉదయశ్రీ గొంతు చిన్నదైంది. "నాన్నా... చెప్పేశావా?"

"నీళ్ళు తాగాను తల్లీ."

ఆ మాటకు అర్థం ఆ ఇంటి పిల్లకు విడమరచి చెప్పక్కర్లేదు. అవతల నుంచి ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. వెంకటరామారావు ఆ ఫోన్‌ను చెవి దగ్గరే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో బ్యాటరీ కాస్త ఖాళీ అయింది. కాలు ఎత్తినప్పుడల్లా కారు బుద్ధిగా నెమ్మదించింది.

కబురు సత్తుపల్లి చేరగానే అన్నగారు మండిపడ్డాడు. "నీవల్ల కాదని నాకు ముందే తెలుసు. ఆదివారం నేనొస్తా. ఆ కారు నేనే నడుపుకుంటూ వెళ్ళి, గేటు దగ్గరే తెంచేసి వస్తా!"

శనివారం సాయంత్రం పద్మావతమ్మ కారుకు ఛార్జింగు వైరు తగిలించి వంటింట్లోకి వెళ్ళింది. తెర మీద అంకె ఎనభై చేరగానే వెంకటరామారావు వైరు తీద్దామని లేచి, ఒక్క నిమిషం ఆలోచించి, మళ్ళీ కూర్చున్నాడు.