నేల లోపలి లబ్ధిదారులు

"ఇకపై ఈ దేశంలో మట్టికి కూడా మంచి రోజులే!" అని తేయాకు శాఖ మంత్రిగారు కొత్త పథకం ప్రకటించినప్పుడు నేను ప్రభుత్వ తోటలోని మట్టి పరీక్ష గదిలో గాజు గొట్టాలు కడుగుతున్నాను. ఒళ్లు పులకరించి ఒకటి పగలగొట్టాను కూడా.

మంత్రిగారిని అంతగా కదిలించింది మా తోటలోని ఒక చిన్న మడి. తేయాకు సాళ్ల మధ్య అక్కడ పుట్టగొడుగులు పెరుగుతాయి. పెంచింది ఆకు కోసే పెద్దమ్మ. కత్తిరించిన కొమ్మల తుక్కు పరిచి, పుట్టగొడుగుల విత్తనం చల్లి, మూడేళ్లు తడి ఆరనివ్వకుండా కాపాడింది. పుట్టగొడుగులు కోసుకున్నాక మిగిలిన తెల్లటి బూజు ఆ తుక్కును మెల్లగా తినేసి, రాయిలాంటి నేలను రవ్వలా చేసింది. వానపాములు ఎవరూ పిలవకుండానే వచ్చాయి. అధికారులెవరూ కల్పించుకోలేదు కాబట్టి పని సవ్యంగా సాగింది.

మంత్రిగారు స్వయంగా చూడటానికి వస్తున్నారని కబురు రాగానే మా డైరెక్టరుగారు మొదటిసారి మడి దగ్గరికి వెళ్లారు. వెళ్లిన వెంటనే లోపం పట్టేశారు.

"ఇక్కడ పురుగులున్నాయి!"

"ఉండాలి కదా సార్. అవి బతికితేనే మట్టి బతుకుతుంది" అంది పెద్దమ్మ.

"అవి మంత్రిగారిని కుడితే నేను బతకను."

మూడు డ్రమ్ముల పురుగుమందు కొట్టించారు. బూట్లకు మట్టి అంటకుండా మడి మధ్య నుంచి సిమెంటు బాట కూడా వేయించారు. ముందుచూపంటే అదీ.

మర్నాడు మంత్రిగారు ఆ బాట మీద నిలబడి నేలను ఆప్యాయంగా చూశారు.

"ఈ మట్టిలో ఎంతమంది ఉంటారు?"

"చెంచాడు మట్టిలో వంద కోట్లు సార్. బాక్టీరియా" అన్నారు డైరెక్టరుగారు, పాత రిపోర్టు చూసి.

"ఓటు హక్కు?"

"లేదు సార్."

మంత్రిగారి ముఖం వాడింది. అయినా ప్రజా నాయకుడు కదా, వెంటనే తేరుకున్నారు.

"మన పథకం వల్ల బాగుపడ్డవాళ్లేనా?"

"ముమ్మాటికీ సార్."

"అయితే లబ్ధిదారులే. రాసుకోండి."

తెల్లారి పేపర్లన్నీ 'చెంచాకు వంద కోట్ల లబ్ధిదారులు' అని అచ్చేశాయి. గత ప్రభుత్వ హయాంలో గంపకు కూడా ఇంతమంది లేరని మంత్రిగారు సవాలు విసిరారు.

వారం తర్వాత హెడ్డాఫీసు తాజా లెక్క అడిగింది. మట్టి తెద్దామని వెళ్తే పెద్దమ్మ మడిలో గొంతుక్కూర్చుని ఉంది. పిడికెడు మట్టి నలిపి వాసన చూసింది.

"వాసన పోయింది బాబూ" అంది.

ఆ మట్టినే తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఏదీ కదల్లేదు. పరుగున వెళ్లి చెప్పాను.

"సార్, ఎవరూ లేరు."

డైరెక్టరుగారు రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నారు. మేధావులు అలాగే మూసుకుంటారు.

"లేరు అనకు. లబ్ధి పొంది వెళ్లిపోయారు అను."

'లబ్ధిదారులందరూ స్వయంసమృద్ధి సాధించి పథకం నుంచి స్వచ్ఛందంగా తప్పుకున్నారు' అని రిపోర్టు వెళ్లింది. మంత్రిగారికి అవార్డు వచ్చింది. అన్ని తోటలకూ మూడేసి డ్రమ్ములు, ఒక్కో సిమెంటు బాట మంజూరయ్యాయి. లక్ష్యం నెరవేరింది గనక మా మడి మూసేశారు. సోమవారం నుంచి రావద్దని పెద్దమ్మకు చెప్పేశారు.

ఆమె దరఖాస్తు కాగితం పట్టుకుని డైరెక్టరుగారి గదికి వచ్చింది.

"ఇన్నాళ్లూ వాళ్లందర్నీ సాకింది నేనే సార్. ఆ లబ్ధిదారుల జాబితాలో నా పేరు కూడా రాయండి."

"ఆ పథకం మట్టిలో ఉన్నవాళ్లకేనమ్మా."

"నేను మాత్రం ఎన్నాళ్లు సార్? ఇవాళో రేపో మట్టిలోకే కదా పోయేది."

మా డైరెక్టరుగారిది జాలిగుండె. కాగితం మడిచి ఆమె చేతికే ఇచ్చారు.

"అయితే పోయాక దరఖాస్తు పెట్టుకో. సంతకానికి మాత్రం నువ్వే స్వయంగా రావాలి."