తుర్కయంజాల్ షెడ్డులో విటమిన్‌పొడి విజయము

పుష్యమాసపు శీతపవనములు నాగార్జునసాగర్ రహదారిపై లారీలతో పందెమాడుచు వచ్చి తుర్కయంజాల్ సీమను గజగజలాడించిన యొక ప్రాతఃకాలమున, ఎల్బీనగర్ చౌరస్తాలో పదేండ్లు ఆటోరథమును నడిపి, నేడు రెండువేల బ్రాయిలర్ కోడిపిల్లలకు సార్వభౌముడైన నల్గొండవాసి భిక్షపతి, తన షెడ్డు తలుపు తీసి నిశ్చేష్టుడయ్యెను.

పదిదినముల ప్రాయమున్న ఆ పసుపుపచ్చ సేన యంతయు ఒక మూలన గుట్టపడి వణకుచుండెను. మేత ముట్టదు, నీరు ముట్టదు. గుట్ట యడుగున నలిగి పదకొండు పిల్లలు అప్పటికే వీరస్వర్గము నలంకరించెను.

భిక్షపతి తక్షణమే ద్విచక్రాశ్వారూఢుడై, కర్మన్‌ఘాట్ హనుమంతునికి హెల్మెట్ తీయకయే మ్రొక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోళ్లమందుల దుకాణాధీశుడగు బాపిరాజును శరణుజొచ్చెను.

రెండు స్వెట్టర్లును మఫ్లరును కవచములుగా దాల్చిన బాపిరాజు, సింహమువలె ఛాతీ విరిచిన కోడిపుంజు బొమ్మగల డబ్బాను చూపి, "విటమిన్ సి, ఇ, సెలీనియం, అన్నీ ఇందులోనే ఉన్నాయండి. నీళ్లలో కలిపి పెట్టండి. ఇది తాగితే చలంటే ఏంటో తెలీదండి" అని వణకుచు సెలవిచ్చెను.

'మరి నువ్వు గూడ జర తాగరాదు సారూ' అని భిక్షపతి మనసున ననుకొనుచు డబ్బాను కొనెను.

షెడ్డుకు మరలి, డ్రమ్ములోని నీట ఆ దివ్యచూర్ణమును కలిపి తొట్లు నింపి, గుట్టనుద్దేశించి గంభీరస్వరమున నిట్లు పలికెను:

"బిడ్డలారా, మీకోసం దిల్‌సుఖ్‌నగర్ దాంక పోయొచ్చిన. తాగినోడు బతుకుతడు, తాగనోడు గుట్ట కింద పడి సస్తడు. జర నా ఇజ్జత్ నిలబెట్టుండ్రి."

ఒక పిల్ల వచ్చి, ముక్కు ముంచి, తల విదిల్చి, వెనుదిరిగి పోయెను.

చినిగిన పరదాలకు గోనెసంచులు కట్టుచున్న ధర్మపత్ని కౌసల్యమ్మ అడిగెను: "ఏమయ్యా, నీళ్లల్ల చెయ్యి పెట్టి చూసినవా? మంచుగడ్డ లెక్కున్నయి. పొద్దుగాల నువ్వు తాగుతవా?"

"వేడిచేయమని డబ్బ మీద రాయలే గద."

"డబ్బ మీద కోడి గూడ ఉన్నది. గది వణుకుతున్నదా?"

వీరుడు పొయ్యి ముట్టించెను. గోరువెచ్చని నీట రెండవమారు చూర్ణము కలిపి, మోకాళ్లపై కూర్చుండి, ఊపిరి బిగబట్టెను. అంతట గుట్టనుండి విడివడిన యొక కృశాంగ కుక్కుటశిశువు, తడబడు పాదములతో తొట్టిని సమీపించి, చంచువును ముంచి, కంఠమెత్తి, రెండు చుక్కలు మ్రింగెను.

"తాగింది" అని భిక్షపతి భార్య చేయి పట్టుకొనెను.

పందొమ్మిదివందల యెనుబదియెనిమిది పిల్లలు ఇంకను గుట్టలోనే యుండగా, శీతాసురుడు ఓడెను, పొడి గెలిచెను అని ఆ సార్వభౌముడు బాపిరాజునకు ఫోనులో చాటెను. కాచిన నీళ్ల ప్రస్తావన మాత్రము తేలేదు. రెండు చుక్కలతో మృత్యువును జయించిన ఆ శిశువునకు మరి ముప్పది దినముల యాయువును, అటుపిమ్మట ఒక ఆదివారపు బిర్యానీలో సముచిత స్థానమును లభించుగాక.